బడిలో ఆ గది తాళం తీయండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బడి లైబ్రరీలు, కంప్యూటర్ గదుల విషయంలో మీకున్న ఇబ్బందులు రాయమని పోయిన సంచికలో అడిగాం. వరంగల్, హనుమకొండ, ములుగు, జనగామ వైపు నుంచి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చాలా వచ్చాయి. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఎక్కువ మంది అడిగిన వాటినే తీసుకున్నాను. ఇరవై రెండేళ్లు ప్రభుత్వ హైస్కూళ్లలో సోషల్ చెప్పాను, అందులో పదిహేనేళ్లు లైబ్రరీ ఇన్‌ఛార్జిని కూడా నేనే. ఇక్కడ రాసేవి చాలావరకు పిల్లలతో చేసి చూసినవే.

ప్రశ్న: నర్సంపేట వైపు ఒక హైస్కూల్లో హెచ్ఎంని. మా దగ్గర రెండు బీరువాల పుస్తకాలు, పది కంప్యూటర్లు ఉన్నాయి, కానీ వేర్వేరు గదుల్లో. పుస్తకం పోయినా, కంప్యూటర్ పాడైనా తన మెడకు చుట్టుకుంటుందని ఇన్‌ఛార్జి టీచర్ తాళం తీయడం లేదు. లైబ్రేరియన్ పోస్టు మాకు లేదు. ఏం చేయమంటారు?

సార్, ముందు ఆ భయం సంగతి చూద్దాం. మన బడుల్లో లైబ్రరీలు మూతపడటానికి డబ్బు లేకపోవడం కంటే ఈ భయమే పెద్ద కారణమని నా నమ్మకం. నేను పనిచేసిన ఒక బడిలో కంప్యూటర్లు వచ్చి మూడేళ్లయినా మానిటర్ల మీది పల్చటి ప్లాస్టిక్ కవర్లు ఊడలేదు, తీస్తే గీతలు పడతాయట. ఆ మూడేళ్లలో పదో తరగతి పిల్లలు మూడు బ్యాచ్‌లు మౌస్ ముట్టుకోకుండానే బయటికి వెళ్లిపోయారు. యూపీఎస్ బ్యాటరీలు వాడకుండానే చచ్చిపోయాయి. బీరువా కింది అర తీసి చూస్తే పుస్తకాలకు చెదలు పట్టి అట్టలు చేతికే ఊడి వచ్చాయి. ఆ రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ. తాళం వేసి కాపాడామనుకున్నవి కూడా మిగల్లేదు చూడండి.

మీ టీచర్ గారికి ఒక సంగతి చెప్పండి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, అంటే 2017లో వచ్చినవి, వాడకానికి ఇచ్చిన ప్రతి 1,000 పుస్తకాలకు ఏడాదిలో 5 పోవడం మామూలేనని ఒప్పుకుంటాయి, అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతే చాలు. ఆ నియమాలు కేంద్ర సంస్థలకు చెందినవి, జిల్లా పరిషత్ బడికి నేరుగా అతకవు, నిజమే. కానీ ఆ పద్ధతినే ఆధారం చేసుకుని స్టాఫ్ మీటింగ్‌లో తీర్మానం రాసి, అందరూ సంతకాలు పెట్టి, మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఒక కాపీ ఇస్తే ఇన్‌ఛార్జి మీద భారం సగం తగ్గుతుంది. ఒక్కరి మెడ మీద ఉన్నది పది మంది భుజాల మీదికి వస్తుంది. లెక్కల లెక్చరర్‌గా మొదలై మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ఐదు సూత్రాలు చెప్పారు, వాటిలో మొట్టమొదటిది పుస్తకాలు వాడుక కోసమే అన్నది. ఒకప్పుడు యూరప్ లైబ్రరీల్లో పుస్తకాలను గొలుసులతో కట్టేసేవారు. మన బీరువా తాళం కూడా ఆ గొలుసే కదా.

ఇక రెండో పని, ఆ బీరువాలు తీసుకెళ్లి కంప్యూటర్ గదిలో పెట్టించండి. అమెరికా స్కూళ్లలో 1960ల చివరి నుంచి లైబ్రరీని మీడియా సెంటర్ అనడం మొదలైంది, పుస్తకం, ఫిల్మ్, టేపు, తర్వాత కంప్యూటర్, అన్నీ ఒకే గదిలో, ఒకే మనిషి చూసుకునేలా. మనకు ఆ పేరు అక్కర్లేదు, ఆ పద్ధతి మాత్రం కావాలి. గోదావరి గురించి పుస్తకంలో చదువుతున్న పిల్లకు ప్రాణహిత ఎక్కడ కలుస్తుందో చూడాలనిపిస్తే లేచి నాలుగడుగులు వేసి మ్యాప్ తెరవాలి, కంప్యూటర్ దగ్గర అర్థం కాని మాట తగిలిన పిల్లవాడు చెయ్యి చాచి నిఘంటువు అందుకోవాలి. రెండూ వేర్వేరు గదుల్లో ఉంటే ఆ నాలుగడుగులు ఎవరూ వేయరు. కంప్యూటర్లను గోడల వెంట, తెరలు గది మధ్యకు తిరిగి ఉండేలా పెట్టించండి, మధ్యలో చాపలు వేయండి. అప్పుడు ఎవరేం చూస్తున్నారో ఒక్క చూపులో తెలుస్తుంది, పిల్లల మీద నిఘా పెట్టాల్సిన అవసరమే రాదు.

మనిషి ఎవరు? గురుకులాల్లో లైబ్రేరియన్ పోస్టులుంటాయి, మనకు లేవు, ఆ పోస్టుల కోసం అడుగుతూనే ఉండాలి. అంతవరకు వారానికి ఒక్కో తరగతికి రెండు పీరియడ్లు టైంటేబుల్లో పెట్టించండి, ఖాళీ ఉన్న టీచర్‌ను కాకుండా ఇష్టం ఉన్న టీచర్‌ను వేయండి. మధ్యాహ్న భోజనం తర్వాతి అరగంట ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు అప్పగించండి, రిజిస్టర్ వాళ్లే రాస్తారు. నేను అలా ఇచ్చిన తొలి ఏడాది మా రిజిస్టర్ పెద్దవాళ్లు రాసినదాని కంటే శుభ్రంగా ఉంది. ఆ గదిలో కూర్చునే పెద్దమనిషి పని ఒక్కటే, వచ్చిన ప్రతి పిల్లను "ఏం వెతుకుతున్నావ్ బిడ్డా?" అని అడగడం.

ప్రశ్న: మాది కాజీపేట. బాబు ఎనిమిదో తరగతి. స్కూల్లో ప్రాజెక్టు ఇస్తే ఫోన్లో చాట్‌జీపీటీని అడిగి, వచ్చింది వచ్చినట్టు దించేస్తున్నాడు. ఫోన్ లాక్కుంటే ఇంట్లో గొడవ. లాక్కోవాలా, వదిలేయాలా? నాకు టెన్షన్‌గా ఉంది.

లాక్కోవద్దమ్మా, అలాగని వదిలేయనూ వద్దు, పక్కన కూర్చోండి. మీరు పెద్దగా చదువుకోలేదని ఉత్తరంలో రాశారు, దానికీ దీనికీ సంబంధం లేదు. ఎలాగో ఒక ఉదాహరణతో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నా తొమ్మిదో తరగతి పిల్లలను ఆరు గుంపులు చేసి, రామప్ప గుడి ఏ జిల్లాలో ఉందో కంప్యూటర్‌లో వెతికి, ఎక్కడ దొరికిందో ఆ పేజీ చూపించమన్నాను. రెండు నిమిషాల పని అనుకున్నారు. మూడు జవాబులొచ్చాయి. కొందరు వరంగల్ అన్నారు, కొందరు జయశంకర్ భూపాలపల్లి అన్నారు, మిగతావాళ్లు ములుగు అన్నారు, ప్రతి గుంపూ "ఇదిగో సార్, ఇక్కడ రాసి ఉంది" అని తెర చూపించడమే. ఒక గుంపు ఇంకో గుంపును అబద్ధాలకోరులనే దాకా వచ్చింది. అప్పుడు వెనక కూర్చున్న ఒక అమ్మాయి, మామూలుగా నోరు విప్పని పిల్ల, పేజీని చివరి దాకా కిందికి జరిపి "సార్, వీళ్లది 2014లో రాసింది" అంది. గది మొత్తం ఒక్కసారి నిశ్శబ్దం.

అసలు సంగతేమిటంటే మూడూ తప్పు కాదు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా రామప్ప గుడి ఉన్న పాలంపేట వరంగల్ జిల్లాలోనే ఉండేది. ఆ తర్వాత భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. ఎవరు ఎప్పుడు రాశారన్నది చూడకపోతే నిజం కూడా తప్పు జవాబు అయిపోతుంది. వేయిస్తంభాల గుడికీ ఇదే గతి, పాత పేజీల్లో వరంగల్ అర్బన్ అని ఉంటుంది, 2021లో ఆ జిల్లా పేరు హనుమకొండగా మారింది. మనకు తెలుసు కాబట్టి సరిపోయింది, మనకు తెలియని ఊరి గురించి, తెలియని మందు గురించి వెతికినప్పుడు ఎట్లా?

మీ బాబు వాడే చాట్‌బాట్ పాతవీ కొత్తవీ కలిపేసి, తడబాటు లేకుండా చెప్తుంది. ఆ గొంతులో అనుమానం వినిపించదు, పిల్లలు అందుకే నమ్ముతారు. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 10 మంది చరిత్ర ప్రొఫెసర్లు, 25 మంది విద్యార్థులు, వృత్తిగా వార్తల నిజానిజాలు తేల్చే 10 మందిని కూర్చోబెట్టి, కొన్ని వెబ్‌సైట్లు చూపించి, నమ్మొచ్చా లేదా చెప్పమన్నారు. ఆ ఫలితాలు 2017లో బయటికొచ్చాయి. ప్రొఫెసర్లు, విద్యార్థులు ఎక్కువగా ఆ పేజీలోనే ఉండి పైనుంచి కిందికి చదివి, చక్కటి లోగో, పద్ధతైన భాష చూసి మోసపోయారు. వార్తలు తేల్చేవాళ్లు ఆ పేజీని సగంలో వదిలేసి, పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, వీళ్లెవరు, వీళ్ల గురించి మిగతావాళ్లేమంటున్నారు అని చూశారు. తొందరగా తేల్చింది వాళ్లే. మనం సంబంధం చూడటానికి పోయినప్పుడు పిల్లవాడి ఇంట్లోవాళ్లు చెప్పింది విని ఊరుకుంటామా, వాడకట్టులో నలుగురిని అడుగుతాం కదా, అచ్చం అదే.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. బాబు ప్రాజెక్టు రాశాక నోట్‌బుక్ మూయించి "ఇప్పుడు నాకు చెప్పు" అనండి. చెప్పలేకపోతే అది దించినదే, తిట్టకండి, మళ్లీ చదవమనండి. ఒక్కో ముఖ్యమైన సంగతి పక్కన పెన్సిల్‌తో ఎక్కడ దొరికింది, ఎవరు రాశారు, ఏ సంవత్సరం అని చిన్నగా రాయించండి. రెండో చోట కూడా దొరికితే టిక్కు పెట్టమనండి. మొదట్లో విసుక్కుంటాడు. నాలుగో ప్రాజెక్టుకు వాడే మీకు వాట్సాప్‌లో వచ్చే పాత వరద ఫొటోలను పట్టి చూపిస్తాడు. స్కూల్ టీచర్లకు కూడా ఒక మాట, "రామప్ప గుడి గురించి రాయండి" అని ప్రాజెక్టు ఇస్తే పిల్లలు దించకుండా ఏం చేస్తారు? "1213లో కట్టడం మొదలుపెట్టిన గుడిని యునెస్కో 2021లో ఎందుకు గుర్తించింది, మీ ఊళ్లో పాత గుడికీ దీనికీ రాయిలో, ఇటుకలో తేడా ఏంటి, మీరే పోయి చూసి రాయండి" అని ఇవ్వండి. ఆ ఊరి గుడి ముందు నిలబడి చూసి రాయాల్సినదాన్ని ఏ యంత్రమూ రాసివ్వలేదు.

ప్రశ్న: ఏటూరునాగారం వైపు ఆశ్రమ పాఠశాలలో టీచర్‌ని. ఫోన్ సిగ్నల్ కావాలంటే చెట్టు కిందికి పోవాలి. నెట్ లేకుండా డిజిటల్ చదువు అంటే మాకు నవ్వులాటగా ఉంది.

నెట్ లేకుండా చాలా చేయొచ్చు సార్. కివిక్స్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాంతో తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు. హనుమకొండకో ములుగుకో వచ్చినప్పుడు మంచి నెట్ ఉన్నచోట దించుకోండి, ఆర్నెల్లకోసారి కొత్తది తెచ్చుకుంటే చాలు. ఒక కంప్యూటర్‌లో పెట్టి మామూలు వైఫై రౌటర్‌కు కలిపితే మిగతా కంప్యూటర్లలో కూడా తెరుచుకుంటుంది, బయటి నెట్‌తో పని లేదు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లుంటాయి కదా, వాటి వీడియోలు దీక్షా అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ చదువుల చానల్ టీశాట్‌లో పాఠాలొచ్చినప్పుడు చాలా ఊళ్లలో టీవీయే బడి అయింది, గుర్తుండే ఉంటుంది. డిష్ ఉంటే ఇప్పుడూ టీశాట్ పనికొస్తుంది.

వీటికంటే నాకు ఇష్టమైన పని ఇంకోటి ఉంది. మీ పిల్లల్లో కోయ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉండే ఉంటారు. ఒక ఫోన్ ఇచ్చి వాళ్ల అవ్వల దగ్గర కథలు, సమ్మక్క సారలమ్మ పాటలు రికార్డు చేసుకురమ్మనండి, ముందు అవ్వను అడిగి, ఒప్పుకుంటేనే. ఫైలుకు పేరు పెట్టడం, తేదీ, ఊరు, చెప్పినవాళ్ల పేరు రాయడం, కాపీ రెండు చోట్ల దాచడం, విని కాగితం మీద దించడం, ఇవన్నీ డిజిటల్ నైపుణ్యాలే, నెట్ చుక్క కూడా అక్కర్లేదు. పైగా మీ బడి లైబ్రరీలో ప్రపంచంలో ఇంకెక్కడా లేని అర ఒకటి తయారవుతుంది.

ప్రశ్న: మా పాపకు చూపు బాగా తక్కువ. ఏడో తరగతి, స్టేషన్ ఘన్‌పూర్. బడిలో కంప్యూటర్ గదికి "నీకెందుకులే" అని తీసుకుపోవట్లేదు.

ఆ మాట తప్పు తల్లీ, అందరికంటే ముందు ఆ పాపకే కంప్యూటర్ అవసరం. విండోస్ కీ, ప్లస్ గుర్తు కలిపి నొక్కితే తెర మీది అక్షరాలు పెద్దవవుతాయి, బడిలో ఈ రోజే చేసి చూడమనండి. ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది, తెలుగు కూడా చదువుతుంది, గొంతు మొదట కాస్త యంత్రంలా ఉన్నా నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. అచ్చు పుస్తకం చదవలేని వాళ్ల కోసం 2016లో సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్ లైబ్రరీ మొదలైంది, అందులో పాపను సభ్యురాలిగా చేర్పించండి. ఒక జత హెడ్‌ఫోన్లు కొనిచ్చి మీరే ఒకసారి బడికి వెళ్లి హెచ్ఎం గారిని కలవండి.

ప్రశ్న: హసన్‌పర్తి దగ్గర అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్నాను. లైబ్రరీకి డబ్బులొస్తాయంటారు, ఎన్ని? ఒకాయన అన్నిటికీ కలిపి పెద్ద తెర కొందామంటున్నాడు.

బడుల కోసం ఉన్న ప్రభుత్వ పథకం సమగ్ర శిక్షలో లైబ్రరీ గ్రాంటు బడి స్థాయిని బట్టి ఏడాదికి 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా ఉంటుందమ్మా. అది పుస్తకాల కోసం, తెరకు దాన్ని ముట్టుకోనివ్వకండి. మీ బడికి వచ్చిందా, దేనికి ఖర్చయిందని హెచ్ఎం గారిని మర్యాదగా అడగండి, అది మీ హక్కు. కొనేటప్పుడు పిల్లలను నలుగురిని వెంట తీసుకెళ్లండి. పెద్దవాళ్లు కొంటే మహనీయుల జీవిత చరిత్రలే వస్తాయి, పిల్లలు కొంటే బొమ్మల కథలు, సైన్స్ ప్రయోగాలు, పాములు, క్రికెట్ వస్తాయి, బీరువా ఖాళీ అయ్యేది వాటితోనే. ఆరో తరగతిలో ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లలుంటారు, వాళ్ల కోసం పెద్ద అక్షరాల పుస్తకాలు విడిగా తీసుకోండి. దాతలు దొరికితే తెర బదులు పది హెడ్‌ఫోన్లు, మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డులు, యూపీఎస్ బ్యాటరీలు అడగండి.

ఇంకోటి, ఇంటిపన్ను కట్టేటప్పుడు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్లాలి. కాబట్టి అక్కడికి పిల్లలను తీసుకెళ్లడానికి మొహమాటం వద్దు. హనుమకొండలో 1904లోనే, నిజాం రోజుల్లో, రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్న ఊరు మనది, పిల్లలకు ఆ సంగతి చెప్పి ఒకసారి చూపించండి.

ప్రశ్న: స్కూల్ కంప్యూటర్లో పిల్లల ఫొటోలు, ఆధార్ నంబర్లు అందరికీ కనిపించేలా ఉన్నాయి. పర్వాలేదా?

పర్వాలేదు అనుకోవద్దు. పిల్లలు వాడే లాగిన్ వేరు, ఆఫీసు పని లాగిన్ వేరు ఉండాలి, ఈ వారంలోనే మార్పించండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. ఆన్‌లైన్‌లో డబ్బు మోసం జరిగితే 1930, పిల్లలను ఎవరైనా వేధిస్తే 1098, ఈ రెండు నంబర్లు కంప్యూటర్ గది గోడ మీద పెద్దగా రాయించండి.

ప్రశ్న: సార్, నేను పరకాలలో పదో తరగతి. ఇంట్లో ఒకే ఫోన్, అది అన్నయ్య దగ్గరే ఉంటది. బడిలో కంప్యూటర్ దగ్గర అబ్బాయిలే కూర్చుంటారు, మేము వెనక నిలబడి చూస్తాం. నాకు తెలుగులో టైప్ చేయడం నేర్చుకోవాలని ఉంది. ఇంగ్లిష్ అంతగా రాదు, వస్తదా?

తప్పకుండా వస్తుంది బిడ్డా. వెనక నిలబడి చూస్తే మాత్రం రాదు, కాబట్టి ముందు ఆ సంగతి తేలాలి. మా బడిలో కూడా ఇదే జరిగేది, చెప్తే వినలేదు, అప్పుడు ఒక గోడ గడియారం పెట్టించి మౌస్ పావుగంటకు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారాలన్నాను, వారంలో రెండు రోజులు ముందు కూర్చునేది అమ్మాయిలే. ఈ పేజీ మీ సార్‌కో మేడమ్‌కో చూపించు, నేను అడిగానని చెప్పు. అబ్బాయిలతో గొడవ పడే పని నీది కాదు, అది పెద్దవాళ్లు చేయాల్సిన ఏర్పాటు.

ఇక టైపింగ్. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగు తెప్పించే పద్ధతి ఉంది, కానీ నీకు ఒక్కో మీటకు ఒక్కో తెలుగు అక్షరమో గుర్తో ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మేలు, అది ఇంగ్లిష్ స్పెల్లింగ్ మీద ఆధారపడదు. విండోస్‌లో భాషల సెట్టింగ్స్‌లోకి వెళ్లి తెలుగు చేర్చుకుంటే అది వస్తుంది, కొనాల్సింది ఏమీ లేదు. అందులో గుణింతాల గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి, అందుకే రెండు చేతులూ వంతులవారీగా కదులుతాయి, నాట్లు వేసినంత లయగా వస్తుంది. రామప్ప కొట్టాలంటే జె, ఇ, సి, హెచ్, డి, హెచ్. జె అంటే ర, ఇ అంటే దీర్ఘం, సి అంటే మ, హెచ్ అంటే ప. మధ్యలో డి నొక్కితే పొల్లు వచ్చి, తర్వాతి ప దాని కింద వత్తుగా చేరుతుంది. మొదటిసారి ఆ వత్తు తెర మీద తనంతట తానే కిందికి వెళ్లి అతుక్కోవడం చూసి మా పిల్లలు మళ్లీ మళ్లీ కొట్టించుకున్నారు.

కంప్యూటర్ దొరకని రోజుల్లో అట్ట మీద కీబోర్డు గీసుకుని వేళ్లతో సాధన చెయ్యి, మా పిల్లల్లో సగం మంది అట్లాగే నేర్చుకున్నారు. రోజుకు పావుగంట చాలు, పరీక్షల చదువుకు అడ్డం రాదు. మొదట నీ ఊరి పేరుతో మొదలుపెట్టు, పరకాలకు ఐదే మీటలు: హెచ్, జె, కె, ఇ, ఎన్. ఆ తర్వాత నీ పేరు, మీ అమ్మ పేరు. నెల తర్వాత నువ్వే టైప్ చేసిన ఉత్తరం ఈ శీర్షికకు పంపు, జవాబు నేనూ టైప్ చేసి పంపుతాను.